వేరే లైను

అన్నదమ్ములు పొలం దగ్గర విడిపోవడం చూశాను, పొయ్యి దగ్గర విడిపోవడం చూశాను. ఓ గోడ మూలనున్న తెల్ల డబ్బా దగ్గర విడిపోయింది మాత్రం మా ఇల్లే అనుకుంటాను. అదీ కాని దేశంలో, చలికాలంలో, మేం తెచ్చుకున్న అట్టపెట్టెలు ఇంకా సగం విప్పకముందే.

బావగారూ, నేను అక్కా అని పిలిచే మా తోడికోడలూ ఆ దేశం వెళ్ళి చాలా ఏళ్ళయింది. మా ఆయనకి అక్కడి బస్సుల షెడ్డులో ఉద్యోగం కుదిరేసరికి, బావగారు తన ఇంటి వెనక భాగమే మాకు అద్దెకి మాట్లాడి పెట్టారు. ఒకప్పుడు అదంతా ఒకటే ఇల్లు. ఎవరో మధ్యలో గోడ కట్టి రెండు చేశారు. వీధి వైపు వాళ్ళు, పెరటి వైపు మేము. వంట మాత్రం ఒకచోటే, అక్క వంటింట్లో. "నలుగురి తిండికి రెండు పొయ్యిలెందుకు?" అన్నారు బావగారు. నెట్టు గురించీ అదే మాట. "గోడకి అటూ ఇటూ ఉన్నాం. నాది చాలదా?"

మా అత్తవారింట్లో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడదు. వద్దని ఎవరూ అనలేదు. పెళ్ళైన కొత్తలో మొహమాటం, తర్వాత మర్యాద, ఆ తర్వాత ఇక అలవాటు. విమానమెక్కి సముద్రాలు దాటాం గానీ ఆ గీత దాటలేదు. ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటూ కూడా మా మాటలు మా ఆయన మీదుగానో, అక్క మీదుగానో తిరిగి వెళ్ళేవి.

"ఏరా, మీ ఆవిడకి సిగ్నల్ అందుతోందా?" అని బావగారు.

"ఆఁ, అందుతోందన్నయ్యా," అని నా వైపైనా చూడకుండా మా ఆయన.

"అందట్లేదని చెప్పండి," అని నేను.

"అందట్లేదటండీ," అని అక్క.

"అంత వెనక గదిలో కూర్చుంటే ఎక్కడ అందుతుంది? కాస్త గోడ దగ్గరికి రమ్మను."

వచ్చాను. మా భాగంలో ఆ గోడని ఆనుకుని ఉన్నది బట్టలుతికే మిషను ఒక్కటే. దాని మీద లాప్‌టాప్ పెట్టి, ముందు ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే రెండు గీతల సిగ్నల్ వచ్చేది. పీట కాస్త వెనక్కి జరిగితే ఒక గీత. నేను పనిలో ఉన్నంతసేపూ మిషను తిప్పడానికి లేదు కాబట్టి మా ఆయన ఆ చలికాలమంతా ఆరీ ఆరని చొక్కాలతోనే షెడ్డుకి వెళ్ళారు.

మాటలు రాని పిల్లలకి మాటలు నేర్పడం నా పని. వచ్చేముందు మన ఊళ్ళో ఓ ఆస్పత్రికి అనుబంధంగా చేసేదాన్ని. దేశం మారేటప్పుడు మిగతా పిల్లల్ని వేరేవాళ్ళకి అప్పగించాను. ఒక్క పిల్లని మాత్రం అప్పగించలేకపోయాను. ఐదేళ్ళు నిండలేదు. పుట్టుకతోనే చెవుడు. ఆపరేషన్ చేసి చెవి లోపల యంత్రం పెట్టారు. కొత్త మనిషి కనిపిస్తే వాళ్ళమ్మ కొంగులో మొహం దాచేసేది. నా దగ్గర చనువు రావడానికే ఒక వర్షాకాలం పట్టింది. ఎగిరెగిరి కూర్చుంటుందని నేను పిచ్చుక అనేదాన్ని. వాళ్ళమ్మ కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

మన దేశంలో మధ్యాహ్నం మాకు పొద్దుట. వీడియోలో రోజూ ఒకటే ఆట. పిచ్చుక ఒక చెక్కముక్కని బుగ్గకి ఆనించి పట్టుకుంటుంది. నేను కాగితం అడ్డం పెట్టుకుని, పెదాలు కనిపించకుండా ఒక శబ్దం చేస్తాను. వినపడగానే ముక్కని గిన్నెలో వెయ్యాలి. ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. ఈ ఆరూ వినపడితే లోకంలో మాటలన్నీ వినపడ్డట్టే. వేసిన క్షణంలోనే నేను చప్పట్లు కొట్టాలి. ఆ చప్పట్లు ఆలస్యమైతే ఆట చెడిపోతుంది. దేనికి మెచ్చుకున్నారో పిల్లకి తెలియదు.

ఆ రెండు గీతల సిగ్నల్‌లో నా చప్పట్లు ఎప్పుడూ ఆలస్యంగానే వెళ్ళేవి. దానికి తోడు, లైను బలహీనంగా ఉంటే నెట్టు ముందుగా మింగేది 'స్' నే. అది సన్నని శబ్దం. గాలి లాంటిది. పిచ్చుక 'స్' కి ముక్క వెయ్యట్లేదు. పిల్లకి వినపడట్లేదో, దారిలో నెట్టు తినేస్తోందో నాకు తెలియట్లేదు.

ఒక పొద్దుట ఆట మంచి ఊపులో ఉంది. 'మ్' కి వేసింది, 'ష్' కి వేసింది. 'స్' అనబోతుండగా తెర మీద పిచ్చుక బొమ్మ ఆగిపోయింది. ముక్క బుగ్గ దగ్గరే, కళ్ళు నా మీదే. తర్వాత తెర నల్లబడింది.

చలికోటు తగిలించుకుని ఇంటి పక్కనుంచి వీధి వైపుకి పరుగెత్తాను. వాళ్ళ తలుపుకి తాళం. కిటికీ అద్దం మీద మంచు తుడిచి లోపలికి చూశాను. టీవీ పక్కన అలమారు మీద రూటర్. దుమ్ము పడకుండా అక్క దాని మీద అల్లిక గుడ్డ కప్పింది. ఆ గుడ్డ కింద ఒక్క దీపమూ వెలగట్లేదు. షిఫ్టు మారి, బావగారు గోడౌన్‌కీ, అక్క హోటల్ దుప్పట్లు ఉతికే చోటికీ ఆ రోజునుంచే పొద్దున్నే కలిసి బయలుదేరారు. బయలుదేరుతూ ఆయన వాళ్ళ వైపు మెయిన్ స్విచ్ కట్టేశారు. ఇల్లు వదిలితే మెయిన్ కట్టెయ్యాలి. ఇది ఆయనకి ఎవరో చెబితే వచ్చింది కాదు, పాలతో వచ్చింది. ఫ్రిజ్ ఒక్కదానికి వేరే ప్లగ్గు పెట్టించుకున్నారు, అదీ అక్క పోరు పడలేక.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అక్కే ఎత్తింది. "పొద్దుట పాఠం మధ్యలో ఆగిపోయిందట పాపం."

"అయ్యో!" అన్నారు బావగారు. నిజంగానే నొచ్చుకున్నారు. "ఏరా, ముందే చెప్పొద్దూ? రేపట్నుంచి కట్టను. మీ ఆవిడని నిశ్చింతగా ఉండమను."

రెండు రోజులు కట్టలేదు. మూడోరోజు కట్టేశారు. సాయంత్రం వచ్చి, "మనసుకి గుర్తుందిరా, చేతికే లేదు," అని తన చేతిని తనే చూసుకుని నవ్వారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అక్క ఒక చీటీ మీద "కట్టొద్దు" అని పెద్దక్షరాలతో రాసి మెయిన్ పక్కన అంటించింది. వారం తిరిగేసరికి ఆ చీటీ కూడా గోడలో భాగమైపోయింది. ఆయన చెయ్యి దాని పక్కనుంచే వెళ్ళి కట్టేసింది.

ఈలోగా ఆస్పత్రి డాక్టరమ్మ ఫోన్ చేసింది. "వచ్చే నెలాఖరుకి పిల్ల యంత్రానికి ట్యూనింగ్ ఉంది. 'స్' వినపడుతోందా లేదా? మీరు ఒక్క మాట చెప్పాలి."

"ఖాయంగా చెప్పలేనండీ. లైను బాగోట్లేదు."

"వినపడట్లేదంటే యంత్రంలో సన్న శబ్దాలు పెంచుతాను. వినపడుతుండగా పెంచితే చెవిలో గుచ్చుతుంది. ఒకసారి నొప్పెడితే ఇక యంత్రం పెట్టనివ్వదు. మీకు తెలియంది కాదు. నా దగ్గర చేయిద్దామంటే ఆ పిల్ల బల్ల కింద దూరుతోంది. మీరే చూసి చెప్పాలి."

ఫోన్ పెట్టేసి మా ఆయనతో అన్నాను, "మనం వేరే లైను పెట్టించుకుందాం."

ఆయన సాక్సు విప్పుతున్నవారు అలాగే ఆగిపోయారు. "అన్నయ్య ఏమనుకుంటాడు?"

"నెట్టు కావలసి వచ్చిందనుకుంటారు."

"నీకు తెలీదు. వేరే అన్నామంటే వాడి గుండె ఆగిపోతుంది."

"అక్కడ పిల్ల చెవి ఆగిపోతుందండీ."

ఆయన సాక్సు చుట్టి బూటులో దోపారు. కాదనలేదు. మా కాపురంలో దాన్నే సరేననడం అంటారు. నేనే కంపెనీకి ఫోన్ చేసి, వచ్చీరాని వాళ్ళ భాషలో, ఒక్కో మాటా కూడబలుక్కుని లైను అడిగాను. మూడు వారాల తర్వాత ఒక తేదీ ఇచ్చారు. ఆ దేశంలో మంత్రిగారి దర్శనమైనా త్వరగా దొరుకుతుందేమో గానీ లైను మనిషి దొరకడు. ఆ మూడు వారాల్లో బావగారికి చెప్పమని మా ఆయన్ని రోజూ అడిగాను. "చూస్తాను, సందర్భం రానీ," అనేవారు. సందర్భం రాలేదు.

ఇచ్చిన రోజు పొద్దుటినుంచీ మా పెరటి తలుపు దగ్గరే కాపలా ఉన్నాను. బావగారికి ఆ రోజు సెలవు. మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు. సాయంత్రం భోజనానికి వెళ్ళేసరికి ఆయన మహా ఉత్సాహంగా ఉన్నారు.

"ఒరేయ్, ఇవాళ కంపెనీవాడు ఎవడో వచ్చాడు. ఈ అడ్రసుకి కొత్త లైనట! మాకుందిరా నాయనా, అన్నాను. లేదు, ఇంకోటి అడిగారన్నాడు. వీళ్ళింతే, మనం కొత్తవాళ్ళమని ఒకటి ఉండగా ఇంకోటి అంటగడతారు. నేను ఊరుకుంటానా? మేమంతా ఒక్కటే, అక్కర్లేదు పొమ్మన్నాను."

మా ఆయన నీళ్ళు తాగారు. గ్లాసు ఖాళీ అయినా ఇంకా తాగుతూనే ఉన్నారు. అక్క నా మొహం చూసింది. అంతే, తనకి అంతా అర్థమైపోయింది. నేను తినడం ముగించి, కంచం కడిగి, మా భాగంలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. ఆవలింత వచ్చింది. అంత అలిసిపోయి ఉన్నాను.

వెనకాలే అక్క వచ్చింది. "ఆయనకి తెలీదే. తెలిస్తే పంపేవారు కాదు."

"తెలిస్తే ఏం చేసేవారక్కా?"

అక్క నా పక్కన మంచం మీద కూర్చుంది. "బతిమాలేవారు," అంది. "అదింకా కష్టం."

మళ్ళీ తేదీ ట్యూనింగ్‌కి సరిగ్గా రెండు రోజుల ముందు దొరికింది. ఈలోగా పిచ్చుక ఆట మర్చిపోయింది. ఎంతకీ చప్పట్లు రాకపోవడంతో అది నన్ను నమ్మడం మానేసింది. వాళ్ళమ్మ మొహం చూసి ముక్క వెయ్యడం మొదలుపెట్టింది. తల్లి కనుబొమ్మ కదిలితే వేసేస్తుంది. "చూడండి టీచర్‌గారూ, అన్నిటికీ వేస్తోంది!" అని ఆ తల్లి సంబరపడితే, "అమ్మా, నువ్వు కాస్త పాప వెనక్కి వెళ్ళి కూర్చో," అన్నాను. తల్లి పక్కకి జరగ్గానే పిచ్చుక ముక్కని నేలకేసి కొట్టింది.

రెండోసారి వచ్చింది ఆడమనిషి. జుట్టు నెరిసింది, నడుముకి పనిముట్ల పటకా. నేను చలిలో వీధి మెట్ల మీదే నిలబడి ఎదురుచూస్తున్నాను, ఈసారి ఎవరూ వెనక్కి పంపకుండా. ఆవిడ ఇల్లంతా తిరిగి చూసి ఏదో చెప్పింది. నాకు సగమే అర్థమైంది. అక్క తర్జుమా చేసింది.

"వీధి తీగలన్నీ మా హాల్లో మూలనున్న తెల్ల డబ్బాలోకే వస్తాయట. మీ వైపు అసలేం లేదట. మీకు లైను కావాలంటే ఆ డబ్బాలోంచే తియ్యాలట. ఆ గోడకి బెజ్జం పెట్టి."

ఆదివారం కావడంతో అందరం ఉన్నాం. బావగారు గోడ పక్కనే నిలబడ్డారు. అప్పటికి ఆయనకి సంగతి తెలిసిపోయింది. ముందురోజే అక్క చెప్పేసింది. చెప్పినప్పటినుంచీ ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

"ఒరేయ్," అన్నారు మా ఆయనతో. "బెజ్జమెందుకురా? నా రూటర్‌ని ఈ గోడకే తగిలిస్తాను. మీ వైపుకి ఫుల్లుగా వస్తుంది. ఇక స్విచ్ జోలికి వెళ్ళను. మెయిన్ బోర్డుకే తాళం వేసి ఆ తాళంచెవి మీ ఆవిడ దగ్గరే పెట్టుకోమను. ఒక ఇంటికి రెండు లైనులేంటి? నలుగురూ ఏమనుకుంటారు?"

ఆ ఊళ్ళో అనుకోడానికి నలుగురెవరున్నారో నాకు తెలియదు. కానీ ఆయన చెప్పినదాంట్లో తప్పులేదు. రూటర్ జరిపితే సిగ్నల్ వస్తుంది. తాళంచెవి ఇస్తానంటే ఇస్తారు. ఆ మనిషి మాట తప్పే మనిషి కాదు. మా ఆయన మొహంలోకి ప్రాణం వచ్చింది. "చూశావా మరి, అన్నయ్య..." అని నా వైపు తిరిగారు.

నేను మా ఆయన్ని చూడలేదు. అక్కనీ చూడలేదు.

"వద్దు బావగారూ. నాకు వేరేగా కావాలి," అన్నాను.

అంతే. పెద్ద గొంతుతో కూడా అనలేదు. పెళ్ళైనప్పటినుంచీ ఆయనతో నేను నేరుగా అన్న మొదటి మాట అది. ఆయన నా మొహంలోకి చూడబోయి, అలవాటు లేక, నా చేతిలోని టీ కప్పు వైపు చూశారు. నోరు తెరిచారు. మధ్యలో ఎవరూ లేకుండా నాకు జవాబు చెప్పడం ఆయనకి తెలియదు.

లైను ఆవిడ డ్రిల్లింగ్ మిషను చేతబట్టుకుని మా అందరినీ ఒకరి తర్వాత ఒకర్ని చూసింది. తర్వాత అక్కనడిగింది, పెట్టనా వద్దా అని. అక్క ఒక్క మాట అంది. ఆ భాషలో నేను మొదటిరోజే నేర్చుకున్న మాట అది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని మిషను గోడకి ఆనించింది.

ఇటుకల పొడి బావగారి హాల్లో కొంత, మా బట్టల మిషను మీద కొంత రాలింది. ఆవిడ వెళ్ళాక అటువైపు అక్క, ఇటువైపు నేను ఊడ్చుకున్నాం.

ఆ సాయంత్రం మా ఆయన భోజనానికి వెళ్ళి, వెళ్ళినంత తొందరగానే తిరిగొచ్చేశారు. "లైను వేరైంది కదా, ఇక పొయ్యి మాత్రం ఎందుకు కలిసుండాలి అన్నాడు," అన్నారు. కోపంగా కాదు, తాళంచెవి ఎక్కడ పెట్టాడో మర్చిపోయిన మనిషిలా. అట్టపెట్టెలు వెతికి గిన్నెలు తీసి, వండి, ఆయనకి పెట్టాను. ఉప్పు ఎక్కువైంది. ఆయన ఏమీ అనకుండా తిన్నారు. మా కాపురంలో కోపమంటే అది.

తిన్నాక రూటర్ బిగించుకున్నాం. ఎంత అలిగినా మనిషి పని దగ్గర మంచివాడు. తీగలు తనే తగిలించారు. దీపం ముందు ఎర్రగా, తర్వాత మినుకుమినుకుమంటూ, చివరికి పచ్చగా నిలిచింది. డబ్బా బోర్లించి, అడుగున ఉన్న పాస్‌వర్డ్‌ని కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి ఒక్కో అక్షరం చదివారు, నేను కొట్టాను.

"నెట్‌వర్క్‌కి పేరేం పెట్టమంటారు?"

"పేరొద్దు," అన్నారు కంగారుగా. "అన్నయ్య ఫోన్లో కనిపిస్తుంది. కంపెనీ పెట్టిన అంకెలే ఉండనీ. పక్కింటివాళ్ళదనుకుంటాడు."

"గోడకి బెజ్జం పెట్టింది ఆయన ఎదురుగానేనండీ."

"అయినా సరే," అన్నారు.

మర్నాడు పొద్దుట పిచ్చుక తెర మీదకి వచ్చింది. దాని కనురెప్పలు కూడా కనిపిస్తున్నాయి. గాలికో దేనికో ఓ బుగ్గ పగిలి ఉంది. అన్నాళ్ళూ నాకు తెలియనే లేదు. నేను తల ఆడించగానే అదీ ఆడించింది. తల్లిని వెనక కూర్చోమన్నాను. కాగితం అడ్డం పెట్టుకుని 'ఆ' అన్నాను. ముక్క గిన్నెలో పడింది. టంగుమన్న చప్పుడు పడ్డప్పుడే నాకు వినపడింది. చప్పట్లు కొట్టాను. పిచ్చుక ఆశ్చర్యంగా చూసి, ఇంకో ముక్క తీసి తనే బుగ్గకి ఆనించుకుంది.

'ఊ' కి వేసింది. 'ఈ' కి వేసింది. 'మ్' కి కాస్త ఆలోచించి వేసింది. 'ష్' కి వేసింది.

"స్."

పిచ్చుక ముక్కని బుగ్గకి ఆనించుకుని ఎదురుచూస్తోంది.

"స్... స్."

కాగితం మీద నా ఊపిరి తగులుతోంది. పిచ్చుక మొహంలో ఏ మార్పూ లేదు. ఓపిగ్గా, బుద్ధిగా, ఇంకా మొదలుకాని శబ్దం కోసం కూర్చున్నట్టు కూర్చుంది. మధ్యలో 'ష్' అన్నాను, టక్కున వేసింది. మళ్ళీ 'స్' అన్నాను. లేదు. శబ్దం పెంచి, తగ్గించి, వరస మార్చి, నాకు వచ్చిన అన్ని విధాలా చూశాను. లేదు.

వెనకనుంచి తల్లి మెల్లగా అడిగింది. "నెట్టేమో టీచర్‌గారూ?"

ఆ మాట అనడానికే చలికాలమంతా అలవాటు పడి ఉన్నాను. నోటి చివరిదాకా వచ్చింది.

"కాదమ్మా," అన్నాను. "నెట్టు బాగానే ఉంది."

డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాను, వినపడట్లేదని, ఖాయమని. "సరే, పెంచుతాను," అంది.

పెరట్లో బట్టలు ఆరేస్తుంటే బావగారు చెత్తబుట్ట పట్టుకుని అటు వచ్చారు. నన్ను చూసి, ఎప్పటిలా మధ్యలో ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూశారు. ఎవరూ లేరు. బుట్ట కింద పెట్టారు.

"విందా ఆ పిల్ల?" అన్నారు, తీగ మీది తువ్వాలుతో అన్నట్టు.

"లేదు బావగారూ."

"కొత్త లైనులో కూడానా?"

"కొత్త లైనులో కూడా."

ఆయన బుట్ట మూత సరిచేశారు. వెక్కిరిస్తారనుకున్నాను. ఆ హక్కు ఉంది. "మరి ఇంతా చేసి..." అని ఆగిపోయారు.

"వినపడట్లేదని తెలిసింది," అన్నాను. "ఇన్నాళ్ళూ అదీ తెలియలేదు."

తలాడించారు, అర్థమైనట్టో కానట్టో. బుట్ట తీసుకుని వెళ్ళిపోయారు. కాసేపటికి కిటికీలోంచి ఆయన గొంతు వినపడింది, కావాలనే కాస్త పైకి. "విన్నావటే! మన నెట్టులో ఏ లోపమూ లేదట. ఆవిడే చెప్పింది." అక్క ఏమందో వినపడలేదు. కానీ "నాతోనే చెప్పింది" అని ఆయన మళ్ళీ అనడం మాత్రం వినపడింది.

పొయ్యిలు మళ్ళీ కలవలేదు. అక్క అప్పుడప్పుడూ మూత పెట్టిన గిన్నె ఒకటి తెచ్చి మెట్ల మీద పెట్టి వెళ్ళేది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని నేనూ ఏదో ఒకటి వేసి పంపేదాన్ని. బావగారు ఎదురైతే "ఏమ్మా" అనేవారు, నేను "బాగున్నానండి" అనేదాన్ని. మా ఆయన అన్నగారింటికి వెళ్ళాలంటే ముందు షేవింగ్ చేసుకోవడం మొదలుపెట్టారు, చుట్టంలా.

పిచ్చుకకి ట్యూనింగ్ అనుకున్న రోజే అయింది. యంత్రం లెక్క మారాక లోకం అంతా దానికి కొత్తే. ఫ్యాను చప్పుడు కొత్త, తల్లి గొంతు కొత్త, నా గొంతూ కొత్తే. తెర మీద నన్ను చూడగానే గుర్తుపట్టింది గానీ, నోరు తెరవగానే ఉలిక్కిపడి వాళ్ళమ్మ కొంగులోకి దూరిపోయింది. చాలాసేపు ఊరికే కూర్చున్నాను. కొంగులోంచి ఒక కన్ను బయటికి వచ్చింది. తర్వాత ఒక చెయ్యి. ఆ చేతిలో చెక్కముక్క ఉంది.

కాగితం తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను. మళ్ళీ 'ఆ' దగ్గర మొదలుపెట్టాం.